అవ్వ, నిమ్మచెట్టు, ఎముకల పొడి

ఆ రోజుల్లో, అంటే మమ్మల్నింకా మద్రాసు సర్కారు ఏలుతున్న కాలంలో, గుంటూరు కాలేజీలో చదివే ఆడపిల్లకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. (నాకు ఇప్పటికీ లేదు. అడిగేవాళ్లే తగ్గారు.) బేస్తవారిపేట పక్కన మా ఊరు. పెరట్లో తాత నాటిపోయిన నిమ్మచెట్టు, ముళ్లే తప్ప కాయ ఎరగదు. ఆ వేసవి సెలవుల్లో నాయన గొడ్డలి నూరుతూ, "దీన్ని కొట్టేసి ఈడ గడ్డివామి వేస్తా" అన్నాడు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అది చూసి నాకు పంతం వచ్చింది. "ఒక్క ఏడాది ఆగు నాయనా, కాయించి చూపిస్తా!"

మార్కాపురంలో వ్యవసాయశాఖ ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. చెట్లకు ఎముకల పొడి వేయండని ఊరూరా బతిమాలేవాడు. ఎవరూ వేయకపోగా ఎముకలయ్య అని పేరు పెట్టారు. నేను బస్సెక్కి వెళ్లి అడిగేసరికి, పాపం, ఆయన సంతోషంతో లేచి నిలబడ్డాడు. పెద్ద మూటే కట్టించాడు. దానితో గడప దాటబోతే అవ్వ అడ్డం నిలబడింది.

"ఏందే ఆ కంపు?"

"ఎముకల పొడి అవ్వా. చెట్టుకు బలం."

"ఏ గొడ్డుదో ఏమో! అది తిన్న చెట్టు కాయ నేను నోట పెట్టనే."

"ఆదివారం కోడికాలు చీకుతావు గదా, అప్పుడేంది?"

"కోడి వేరు, గొడ్డు వేరు. చెట్టును బతికించుకో పో. కాయ మాత్రం నాకొద్దు."

చెట్టు చుట్టూ తవ్వి పొడి వేసి మన్ను కప్పాను. తెల్లారేసరికి ఊళ్లో కుక్కలన్నీ అక్కడే ఉన్నాయి. కట్టె పట్టుకుని తరిమాను, ముళ్లకంప వేశాను, మళ్లీ పూడ్చాను. నేను పూడ్చేకొద్దీ అవి తవ్వాయి. "నీ చదువు కుక్కలకు బాగా నచ్చినట్టుంది పాపా" అని నాయన పగలబడి నవ్వాడు. సెలవులయ్యేదాకా ఆ కట్టె వదిలితే ఒట్టు.

మరుసటి ఏడు సెలవులకు వచ్చేసరికి కొమ్మలు కాయలతో నేలకు వంగి ఉన్నాయి. నాయన గొడ్డలి అటకెక్కించాడు. "చూసినావా అవ్వా, ఎముకల పొడి!" అని అరిచాను. అవ్వ ఒక కాయ కోసి వాసన చూసింది. ముక్కు దగ్గర నుంచి చెయ్యి దించలేదు.

"పొడి ఏందే? అదంతా కుక్కలు ఆనాడే నాకిపోయినాయి. వేళ్లకాడ మన్ను అట్ల గుల్ల చేసినాయి గాబట్టి కాసింది."

ఎముకల్లో ఉండే భాస్వరం గురించి నా నాలుక చివర నాలుగు జవాబులున్నాయి. కానీ తాత నాటిన చెట్టు కాయ అవ్వ చేతిలో ఉంది, తినడానికి ఆమెకో దారి కావాలి. "అంతేలే అవ్వా, కుక్కలే" అన్నాను.

"అట్ల రా దారికి" అని అవ్వ జాడీలు కడగడానికి పోయింది. ఆనాటి నుంచి కుక్కలకు రోజూ సద్దన్నం పెట్టింది. ఊరగాయ జాడీ ఒకటి మార్కాపురం ఎముకలయ్యకు కూడా పంపించింది. (ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.)

ఇప్పుడు నా పెరట్లోనూ నిమ్మచెట్టు ఉంది. ఎముకల పొడే వేస్తాను, విరగకాస్తుంది. వచ్చినవాళ్లందరికీ భాస్వరం గురించి గంటసేపు చెబుతాను, అందరూ బుద్ధిగా తలూపుతారు. ఒక్కరన్నా "కాదే, కుక్కలే" అంటే ఎంత బాగుండును!