వరాలత్త పెరట్లో పిచ్చుకలు

మొన్న రైతుబజారులో కొత్త వరికంకులు కుచ్చుగా కట్టి అమ్ముతున్నారు. ఆ గడ్డి వాసన ముక్కుకు తగిలేసరికి కూరల సంగతే మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

ఎనభైల మొదట్లో పెళ్ళయి విశాఖలో పోర్టు దగ్గరి క్వార్టర్స్‌కి వచ్చాను. పక్కిల్లు వరాలత్తది. చుట్టరికం ఏమీ లేదు, అత్తా అని పిలిస్తే పలికింది, అంతే. ఉక్కు ఫ్యాక్టరీ కోసం పొలం, ఊరు వదులుకుని, కొడుకు దగ్గరికి చేరిన మనిషి. పిట్ట వాలని ఇల్లు ఇల్లే కాదని, కార్తీకం వెళ్ళేలోగా పెరట్లో ఒక్కటైనా వాలకపోతే భీమిలిలో చెల్లెలి దగ్గరికి పోతానంది. కొడుకు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఈ ఊళ్ళో నేను నోరారా మాట్లాడుకునేది ఆవిడతోనే.

దువ్వాడ వైపు చుట్టాల పొలం నుంచి కంకులు తెప్పించి, కుచ్చు అల్లి చూరుకి వేలాడదీసింది. పిచ్చుకలు గోడ మీదిదాకా వచ్చేవి, మెడ అటూ ఇటూ తిప్పి చూసి ఎగిరిపోయేవి. ఎందుకో మాకు అంతుపట్టలేదు. పిల్లి భయమనుకున్నాం. నా ఎర్రచీర అనుకుని దాన్ని కట్టడం మానేశాను.

"దుమ్మమ్మీ. మట్టికొట్టుకుపోయిన కూడు నువ్వు తింతావేటి?" అని అత్త తేల్చేసింది.

నిజమే, పోర్టు నుంచి వచ్చే ఖనిజం దుమ్ము కంకుల మీద ఎర్రగా పేరుకునేది. ఇక రోజూ కుచ్చు దింపడం, కుళాయి కింద కడగడం, మళ్ళీ కట్టడం. దేవుడికైనా ఇంత అభిషేకం జరగదత్తా అని ఆటపట్టించేదాన్ని.

కొన్నాళ్ళకి కుచ్చంతా మొలకెత్తి కూర్చుంది. "పొలం పోయినా నారు పోనేదమ్మీ," అంటూ నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఆ మొలకల్ని పారెయ్యడానికి మనసొప్పక, సొట్టబకెట్లో బురద కలిపి, పైన నీళ్ళు నిలగట్టి నాటింది. ఇంట్లో మిగిలిన పొడికంకుల్ని కడక్కుండానే పైన చూరుకి కట్టింది.

మర్నాడు పొద్దున్నే ఒక పిచ్చుక బకెట్టు అంచు మీద వాలింది. నీళ్ళు తాగింది, మునిగింది, ఒళ్ళు విదిల్చుకుంది. ఆ తర్వాత తీరిగ్గా పైకెగిరి, దుమ్ముపట్టిన కంకి మీదే కూర్చుని గింజ ఒలుచుకుంది.

"మా ఊర్లో సుట్టూ నీల్లేనమ్మీ, పెట్టాలని నాకు తెల్దు. కూడెట్టి నీల్లెట్టకపోతే సుట్టాలెలగొత్తారు?" అంది అత్త. లోపలికెళ్ళి, రేషన్‌కార్డులో తన పేరు ఎక్కించమని కొడుక్కి చెప్పింది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. మా వీధిలోకి ఎవరు కొత్తగా దిగినా, లారీలోంచి సామాను దించకముందే ఒక బిందెడు మంచినీళ్ళు పట్టుకెళ్తాను. మీదే ఊరు, ఏం ఉద్యోగం అని అడగడాలన్నీ ఆ తర్వాతే.