తొంభై రోజుల గడువు, గడప దాటని ఫక్రున్నీసా

సైన్యంలో గుమాస్తాగా ఇరవై ఏళ్ళు చేసొచ్చిన బసవపున్నయ్యకి మాజీ సైనికుల జీవోలన్నీ కొట్టిన పిండి. బెంజ్ సర్కిల్ దగ్గర జిరాక్స్ షాపు అరుగు మీద కూర్చుని, జవాన్ల కుటుంబాలకి దరఖాస్తులు ఊరికే రాసిపెట్టేవాడు. నోరు మాత్రం దురుసు. మనసు వెన్నే, పాపం, అది బయటపడేలోగా ఎదుటివాళ్ళు సగం ఏడ్చేసేవాళ్ళు.

రెండువేల సంవత్సరంలో కొండపల్లి జవాను ఇస్సాక్ సరిహద్దులో కొండచరియ విరిగిపడి పోయాడు. అలాంటివాళ్ళ భార్యలకి ఇంటిస్థలం ఇవ్వమని రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. కాకపోతే భర్త పోయిన తొంభై రోజుల్లోగా భార్యే అధికారి ఎదుట సంతకం పెట్టాలి. ఇస్సాక్ భార్య ఫక్రున్నీసాది అద్దె గది. ఈ స్థలం పోతే నిలువనీడ లేదు. పెద్దకర్మ అయ్యాక వస్తుందిలే అని బసవపున్నయ్య కబురు పెట్టాడు. నాలుగు నెలలయ్యాక వస్తానని జవాబొచ్చింది.

"పండక్కి పిలిచామనుకుందా!" అని చిందులు తొక్కాడు. మరో రెండు కబుర్లకీ అదే జవాబు. ఎనభై ఆరో రోజున ఫారం చంకన పెట్టుకుని కొండపల్లి బస్సెక్కాడు.

"ఏమ్మా, మొగుడి ప్రాణం పోతే వచ్చే స్థలం. సంతకానికి కూడా బద్ధకమేనా?" గుమ్మంలోనే అరిచాడు.

తలుపు వెనకనుంచి మెల్లగా గొంతు వినిపించింది. "ఇద్దత్‌లో ఉన్నానండీ. భర్త పోతే నాలుగు నెలల పది రోజులు మేం గడప దాటం. నన్నేం చెయ్యమంటారు?"

బసవపున్నయ్యకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. జీవోలన్నీ నోటికొచ్చిన పెద్దమనిషికి పక్కింటివాళ్ళ ఆచారం తెలియలేదు!

తిన్నగా ఎమ్మార్వో రాజ్యలక్ష్మి గారి దగ్గరికెళ్ళి సంగతంతా చెప్పాడు. "ఆవిడ రాకూడదండీ. తమరే దయచెయ్యాలి."

"ఇన్నేళ్ళ సర్వీసులో నన్నిలా ఎవరూ అడగలేదండీ," అందామె. అయినా ఎనభై తొమ్మిదో రోజున వచ్చింది.

లోపల చాప మీద ఎదురుగా కూర్చుని రాజ్యలక్ష్మి సంతకం తీసుకుంది. బసవపున్నయ్య వరండాలోనే ఉండిపోయాడు.

"పట్టా నీ పేరునే వస్తుందమ్మా," అంది రాజ్యలక్ష్మి.

ఫక్రున్నీసాకి ఏడుపు ఆగలేదు. "ఆయన్ని మట్టిలో పెట్టినప్పట్నుంచీ అన్నీ కాగితాలే వచ్చాయండీ. గవర్నమెంటు తరఫున మనిషి రావడం ఇదే మొదలు."

వరండాలో ఆ మాట విన్న బసవపున్నయ్య తలొంచుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఆ జిరాక్స్ షాపు అరుగు మీంచి జవాన్ల కుటుంబాలకి తనూ కాగితాలే పంపాడు.