పది డిగ్రీల గదిలో నా తనిఖీ

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, నన్ను జిన్నారం దగ్గరి పరికరాల ఫ్యాక్టరీలో కాలిబ్రేషన్ ఇన్‌చార్జిగా వేశారు. కాలిబ్రేషన్ అంటే కొలిచే పరికరాన్నే కొలిచి, అది ఎంత తప్పు చెబుతోందో తేల్చడం. తప్పులు పట్టడమే ఉద్యోగమైతే నాకంటే తగినవాడు దొరకడని మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

ఆ వేసవిలో లడఖ్ పీఠభూమి మీద పనిచేసే ఒక శాస్త్రవేత్త నుంచి ఆర్డరు వచ్చింది. అక్కడ పైకా అనే చిన్న జంతువు ఉంటుంది. కుందేలుకు చుట్టం, తోక కనబడదు. వేడి దానికి బొత్తిగా పడదు. ఎండ ముదిరితే బొరియలో దూరుతుంది. ఆ బొరియలు కూడా వేడెక్కుతున్నాయా అన్నది ఆమె తేల్చాలి. వేడెక్కుతుంటే పైకాలుండే పచ్చిక వాలుకు రక్షణ అడగవచ్చు. చల్లగానే ఉన్నాయని మా లాగర్లు చెబితే ఆమె మాట ఎవరూ వినరు. లాగర్ అంటే ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసుకునే బొటనవేలంత పరికరం.

మా చాంబర్ మనిషి నడవగలిగేంత పెద్ద ఫ్రిజ్. లాగర్లను రెండు ర్యాకుల మీద పేర్చి, లోపల పది డిగ్రీలు నిలబెడతాం. వెనక గోడ దగ్గర ప్రామాణిక థర్మామీటరు ఉంటుంది. మధ్యాహ్నం రెండింటి రీడింగులో దానికీ లాగర్‌కూ ఉన్న తేడాను దిద్దుబాటుగా లాగర్‌లోకి ఎక్కిస్తాం.

మే నెలలో మొదటి విడత పంపేశాక, లక్డారం నుంచి వచ్చే టెక్నీషియన్ మల్లేశం రెండో విడత రీడింగుల కాగితాలు పట్టుకొచ్చాడు.

"సార్, జెర ఇటు సూడుండ్రి. వెనక ర్యాకు మంచిగనే ఉన్నది. ముందు ర్యాకు మొత్తం అర డిగ్రీ ఎక్కువ సూపెడ్తున్నది. అది గూడ పగటీలి రెండింటికే."

నాకు వెంటనే వెలిగింది. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల పది డిగ్రీలు. ఎవడో దొంగచాటుగా దూరి సేద తీరుతున్నాడు, వాడి ఒంటి వేడి ముందు ర్యాకుకు తగులుతోంది! షిఫ్టు మొత్తాన్ని నిలబెట్టి దులిపేశాను. తలుపుకు తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నాను.

మరునాడు రెండింటికి మళ్లీ అర డిగ్రీ.

తాళం తీసిందెవడని గుడ్లురిమాను. మల్లేశం నేల చూపులు చూస్తూ అన్నాడు:

"తాళంచెవి మీ జేబులనే ఉండె గద సార్. బువ్వ తిన్నంక రోజూ తనిఖీకని మీరే పోతరు. కుర్చీ గూడ ముందు ర్యాకు పక్కనే ఏసుకుంటరు."

షిఫ్టు షిఫ్టంతా గోడవైపు తిరిగింది. కొందరి భుజాలు ఊగుతున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

క్వాలిటీ అధికారి గ్రేస్ మేడం డీవియేషన్ రిపోర్టు అడిగింది. పని పద్ధతి తప్పినప్పుడు కారణంతో సహా రాసివ్వాల్సిన కాగితం అది. కారణం గడిలో "పర్యవేక్షణ" అని రాశాను. తిప్పి పంపింది. "సుదీర్ఘ పర్యవేక్షణ" అని దిద్దాను.

"పర్యవేక్షణల గురక ఎట్లొస్తది సార్?" అంది.

చివరికి "ఇన్‌చార్జి కునుకు తీయడం" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం నకళ్లు బొంతపల్లి ఫ్యాక్టరీల దాకా వెళ్లాయని తర్వాత విన్నాను.

కానీ మొదటి విడత అప్పటికే లేహ్ చేరింది. నా ఒంటి వేడిని ముందు ర్యాకు లాగర్ల తప్పుగా లెక్కగట్టి, అర డిగ్రీ తగ్గించి పంపాం. అక్కడ అవి ఉన్నదానికంటే చల్లగా చూపిస్తాయి. ఆ శాస్త్రవేత్తకు ఫోన్ చేసి కునుకుతో సహా అంతా చెప్పాను. భయం వేసింది, దాచడమెందుకు. మర్నాడే కొండెక్కాల్సి ఉందని, ఆగుతానని, అన్నీ తిప్పి పంపుతున్నానని చెప్పింది. కుర్చీ తీసేసి, మళ్లీ మొదటినుంచి చేసి పంపాం.

మరుసటి ఏడాది ఆమె ఉత్తరం రాసింది. దిగువ వాలు బొరియలు అర డిగ్రీ మేర వేడెక్కాయట, వాటిలో పైకాలు లేవట. మేము మొదట పంపిన లాగర్లే అక్కడ ఉండి ఉంటే, ఖాళీ అయిన ఆ బొరియలు చల్లగా, క్షేమంగా ఉన్నాయని నా సంతకంతో రుజువయ్యేది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కొలతలో తేడా వచ్చినప్పుడల్లా అనుమానితుల జాబితాలో మొదటి పేరు నాదే రాశాను.