హకర్‌బీ విప్పేసిన వెనక బ్రేకులు

మా పక్కింటి విల్ఫ్ హకర్‌బీకి ఒకటే జబ్బు. తన కారుకు ఏది బిగించినా నెల తిరక్కుండా విప్పేస్తాడు.

ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లోని మా ఊళ్లో ఇలాంటి కార్ల పిచ్చివాళ్లం పద్నాలుగు మందిమి ఉన్నాం. పెట్టెల్లో వచ్చిన విడిభాగాలతో ఇంటి షెడ్డులోనే రెండు సీట్ల కారు కట్టుకుని, ఆదివారాలు పైకప్పు లేకుండా వానలో తిరిగే రకం. విల్ఫ్ కారుకు పదకొండేళ్లు పట్టింది. కట్టడానికి నాలుగు, విప్పడానికి ఏడు.

"మొదటి రేడియేటరు మరీ వేడిగా ఉందన్నాడు. రెండోది మరీ చల్లగా ఉందన్నాడు. మూడోదాని మొహం నచ్చలేదన్నాడు," అని ఆయన భార్య డోరీన్ నాతో చెప్పింది.

"పెళ్లయి నలభై రెండేళ్లయినా నిన్ను మాత్రం మార్చలేదుగా," అన్నాను.

"నాకు సరిపడే పానా దొరకలేదు."

పోయిన వసంతంలో ఆయన కన్ను వెనక బ్రేకుల మీద పడింది. ఉన్న డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు పెడతానన్నాడు.

"డ్రమ్ములకేమైంది?" అని అడిగాను.

"ఏమీ కాలేదు. అదే అనుమానంగా ఉంది."

రెండు వారాలు కారు కిందే కాపురం పెట్టాడు. మొదటి పరీక్షకు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొండ దిగువన బ్రేకు తొక్కగానే ముందు చక్రాలకన్నా వెనకవి ముందే బిగుసుకుపోయాయి. కారు గిర్రున తిరిగి ఇంటి వైపు మొహం పెట్టి ఆగింది. ముళ్లకంచె నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. విల్ఫ్ ఫ్లాస్కు తీసి టీ పోసుకున్నాడు.

"వెనక కాస్త ఎక్కువైంది," అన్నాడు.

వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే చిన్న వాల్వు ఒకటి తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత కారు గీత గీసినట్టు ఆగేది. నాకు నిజంగా అసూయ కలిగింది.

"వీటిని విప్పవుగా?"

"ఎందుకు విప్పుతాను?"

నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. పంతొమ్మిదో రోజున కారు మళ్లీ జాకీల మీదకెక్కింది.

"కీచుమంటున్నాయి," అన్నాడు. ఆయన తుమ్మితే నా వంటింట్లోకి వినపడుతుంది. ఆ కీచు మాత్రం నాకెప్పుడూ వినపడలేదు.

సరిగ్గా అదే వారం గ్వెన్ టాన్స్‌లీ కష్టంలో ఉంది. భర్త రాల్ఫ్ సగం కట్టి వదిలి చనిపోయిన కారును, ఆయన రాసుకున్న నోటుపుస్తకం చూసుకుంటూ ఆమె ఒక్కతే పూర్తి చేస్తోంది. ఎవరి సాయమూ పుచ్చుకోదు. మా కార్ల క్లబ్బులో ఒకాయన ఊరికే హెడ్‌లైట్లు ఇచ్చి వస్తే, ఆయన ఇల్లు చేరేలోగా అవి ఆయన గుమ్మంలో ఉన్నాయి. కారు రోడ్డెక్కడానికి జరిగే ప్రభుత్వ పరీక్షలో వసంతం మొదట్లోనే ఆమె కారు వెనక బ్రేకులు తప్పాయి. పాత డ్రమ్ములు, ఒక పక్క పట్టుకుంటే రెండో పక్క పట్టుకోవు. శుక్రవారం మళ్లీ పరీక్ష. ఈసారీ పోతే కారు అమ్మేస్తానంది.

బుధవారం విల్ఫ్ నాచేత ఒక బరువైన పెట్టె మోయించుకుని ఆమె షెడ్డుకు వెళ్లాడు.

"గ్వెన్, ఈ దరిద్రాన్ని నీ షెడ్డులో ఓ మూల పడేసుకుంటావా? డోరీన్ ఇంట్లో ఉంచనివ్వట్లేదు."

"ఏమిటవి?"

"వెనక డిస్కులు. కీచుమని ప్రాణం తీస్తున్నాయి."

గ్వెన్ ఒకదాన్ని వెలుగులోకి పట్టి చూసింది. ఇద్దరి కార్లూ ఒకే రకం.

"వీటికి గీత కూడా పడలేదు. మీరే సరిగ్గా బిగించి ఉండరు."

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు కాదు, అంతే. నా కారుకు పెట్టి చూపిస్తాను. కీచుమనకపోతే తప్పు మీదేనని ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటాను. ఆ వాల్వు కూడా పెట్టు. అది లేకపోతే మరీ అరుస్తాయి."

వాల్వుకూ అరుపుకూ సంబంధమే లేదు. నేను దగ్గి, పెట్టెలోంచి దాన్ని తీసి ఆమెకిచ్చాను. ఆ రోజూ మర్నాడూ ఆమె బిగించింది. గొట్టాల్లో గాలి పోయేదాకా విల్ఫ్ పెడలు తొక్కుతూ కూర్చున్నాడు.

"నిజంగా కీచుమన్నాయా?" అని ఇంటికి వస్తూ దారిలో విల్ఫ్‌ని అడిగాను.

"నీకు వినపడలేదా? చెవులు చూపించుకో."

ఇంటి దగ్గర డోరీన్ అసలు సంగతి చెప్పింది. "ముందు తన కారుకు పెట్టుకుంటాడు. తప్పులన్నీ తన మీదే తేల్చుకుంటాడు. అంతా బాగుందని తేలాకే నచ్చలేదంటాడు. ఊళ్లో సగం కార్లు ఈయనకు నచ్చనివాటి మీదే నడుస్తున్నాయి."

శుక్రవారం గ్వెన్ కారు పరీక్ష నెగ్గింది. శనివారం పొద్దున్నే ఆమె ఆ కారులోనే వచ్చి విల్ఫ్ గేటు ముందు ఆపింది. అప్పటికి విల్ఫ్ తన పాత డ్రమ్ములు మళ్లీ బిగించుకుంటున్నాడు.

"ఒక్కసారి కూడా కీచుమనలేదు," అంది గ్వెన్.

"ఆశ్చర్యంగా ఉందే."

"ఆశ్చర్యమేం లేదు. మీకు బిగించడం రాదు. అటు జరగండి, చూపిస్తాను."

ముప్ఫై ఎనిమిదేళ్లు బస్సు డిపోలో బ్రేకులు తప్ప ఇంకేమీ బిగించని ఆ మనిషి, బుద్ధిగా పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"ఈ మర ఎటు తిప్పాలి?" అని అడిగాడు.