మేనత్త ఎంగిలి చేసిన పట్నం

మా మేనత్త పోయింది. మొన్న సోమవారం పొద్దున ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి "అమ్మ పోయింది, రా" అన్నాడు. మహబూబ్‌నగర్ నుంచి ఊరికి గంటన్నర బస్సు ప్రయాణం. ఆ గంటన్నరలో నాకు ఏడుపు రాలేదు. మట్టి చేసి వచ్చాక కూడా రాలేదు. మూడో రోజు పంచాయతీ ఆఫీసులో మరణం నమోదు చేయించబోతే వచ్చింది, అదీ కోపంతో కలిసి వచ్చింది. వృత్తి అని ఉన్నచోట అక్కడి పిల్లవాడు నన్ను అడగకుండానే "ఏమీ లేదు" అని రాసేశాడు. కొట్టెయ్యమన్నాను. గృహిణి అని రాయనా మేడం అన్నాడు. అదీ వద్దన్నాను. కట్టడాలు కట్టేది అని రాయమంటే నవ్వాడు. ఆ నవ్వుకు జవాబు చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ ఆనకట్ట లేచినా, ఎక్కడ వంతెన కట్టినా మావాళ్లే. మేస్త్రీ లారీ తెచ్చి గుంపును ఎక్కించుకుపోయేవాడు. మేనత్త పెళ్లయిన ఏడాదికే మామతో కలిసి ఆ లారీ ఎక్కింది. అన్నిటికంటే ఎక్కువ ఏళ్లు ఆమె పని చేసింది సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నంలో. ఆ ఊరి పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. సముద్రం ఊరు అనేది. నేనూ అట్లాగే అంటాను. అక్కడి కలెక్టర్ కచేరీ, పెద్ద దవాఖాన, రైలు పట్టాల మీది వంతెన, రేవు గోదాములు, సముద్రానికి ఎదురుగా నిలబడ్డ లైట్‌హౌస్, అన్నిటికీ ఆమె నెత్తిమీద తట్టలతో సిమెంటు మాలు మోసింది. లైట్‌హౌస్‌ను ఆమె దీపం మినార్ అనేది.

వాళ్ల గుంపుకు ఒక కట్టుబాటు ఉండేది. కట్టడం పూర్తయ్యాక, అప్పజెప్పే ముందు, అన్నిటికంటే పైఅంతస్తులో మూడు రాళ్లు పెట్టి వండుకుని, అందరూ కూర్చుని తినేవాళ్లు. దాన్ని ఎంగిలి చెయ్యడం అనేవాళ్లు. మొదటి ముద్ద కట్టినవాళ్లది. ఆ తరువాత మంత్రి వచ్చినా, కలెక్టర్ వచ్చినా, వాళ్లు తిని వదిలిన చోటనే కూర్చోవాలి. ఈ మాట చెప్పేటప్పుడు మేనత్తకు ఎంత సంతోషమో.

ఆ రోజు ఏం వండుకున్నారో దానితోనే ఆ కట్టడానికి పేరు. పెద్ద దవాఖాన ఆమెకు ఉల్లిగడ్డ కారం దవాఖాన. కచేరీ ఏమో ఎండు చేపల కచేరీ. చిన్నప్పుడు నేను అవి నిజం పేర్లే అనుకున్నాను. ఆరో తరగతిలో పట్టణాలలోని కట్టడాల గురించి రాయమంటే ఎండు చేపల కచేరీ అని రాసి సారుతో తిట్లు తిన్నాను. ఇంటికి వచ్చి ఏడిస్తే, పండక్కి ఊరికి వచ్చిన మేనత్త, ఎందుకు ఏడుస్తావని నన్నే కోప్పడింది. ఆయన అక్కడ ఒక్క తట్ట మోసి వచ్చి నన్ను తప్పు పట్టాలట.

మోకాళ్లు అరిగి ఊరికి వచ్చేశాక కూడా ఆమె తీరు మారలేదు. ఎవరి కొత్త ఇంటికి పిలిచినా ముందు గోడను వేలి కణుపుతో కొట్టి చూసేది. "నీళ్లు కొట్టలే" అని ఇంటివాళ్ల ముందే అనేది. మా బంధువుల గృహప్రవేశంలో పూజకు ముందే ఆ ఇల్లు కట్టిన కూలీలను లోపలికి పిలిచి, విస్తళ్లు వేసి కూర్చోబెట్టింది. ఎంగిలి ఇంట్లో పూజ ఎట్లా చేస్తారని ఇంటి పెద్దమనిషి గొడవకు వచ్చాడు. మేనత్త లేచి నిలబడింది.

"వాళ్ల చెమట పడ్డప్పుడు కాని ఎంగిలి, అన్నం పడితే అయితదా?"

పంతులుగారే కలగజేసుకుని, ముహూర్తానికి ఇంకా టైముంది, తిననియ్యండి అన్నాడు. ఆ బంధువులు మళ్లీ మా గడప తొక్కలేదు. మేనత్తకు దాని ఫికర్ లేదు. నెత్తిమీద తట్ట ఉన్నప్పుడు తల వంచితే మాలు పడిపోతుంది కాబట్టి తనకు తల వంచడం అలవాటు కాలేదని చెప్పేది. వినయం నేర్చుకో అని ఎవరన్నా అంటే, నా మెడను అడుగు పో అనేది.

ఒక్క కట్టడం మాత్రం ఎంగిలి పడలేదు. అది దీపం మినార్. పని అయిపోయింది, పైన తినడానికి జొన్నపిండి కూడా విసిరిపెట్టుకున్నారు. ప్రారంభానికి పెద్దవాళ్లు వస్తున్నారు, కూలీల గుడిసెలు కనబడకూడదని రెండు రోజుల ముందు గుంపునంతా లారీలకెక్కించి మరో ఊరికి తోలేశారు. ఏళ్లు గడిచినా ఆమె ఆ ముచ్చట మరవలేదు. మామ పోయేముందు కూడా దాని గురించే అడిగాడట, మనం పోయి తిందామా అని. అప్పటికే ఆయన లేచే స్థితిలో లేడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక దసరా సెలవుల్లో నేనే ఆమెను తీసుకుపోయాను. ఇప్పుడది వేరే రాష్ట్రం కదా అత్తా అంటే, రాష్ట్రాలు వేరుపడ్డయి గని నా తట్టలు వేరుపడ్తయా అంది. తెల్లవారి లేచి జొన్నరొట్టెలు చేసి గుడ్డలో కట్టుకుంది. సముద్రం ఊరిలో మేనత్త ఆటో అతనికి ఉల్లిగడ్డ కారం దవాఖాన చూపించమని చెబితే అతను నా ముఖం చూశాడు. దారి ఆమే చెప్పింది. ఇరవై ఏళ్ల తరువాత కూడా ఒక్క మలుపు తప్పలేదు. వంతెన దగ్గర ఆటో ఆపించి, బావ పుట్టిన జాగా చూపించింది. మూడో స్తంభం పక్కన ఇప్పుడు కొబ్బరిబోండాలు అమ్ముతున్నారు.

దీపం మినార్ కింద గోడకు నల్లరాయి పలక ఉంది. ఆమెకు చదువు రాదు. ఏం రాశారో చదవమంది. ప్రారంభించిన మంత్రి పేరు, పక్కనున్న పెద్దల పేర్లు, ఇంజనీరు పేరు, కాంట్రాక్టరు పేరు చదివాను.

"ఇంక?"

అంతే అత్తా అన్నాను.

"జర మల్ల సదువు బిడ్డా. కింద చిన్నగ ఏమన్న రాసిండ్రేమో."

నేను పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. శాసనాల పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ పలక ముందు నాకు సిగ్గేసింది. రెండోసారి చదివాను. కింద ఏమీ లేదు.

ఆమె గేటు దగ్గరికి నడిచింది. అక్కడి కాపలా అతను మర్యాదస్తుడే. పెద్దవారు, అన్ని మెట్లు ఎక్కలేరండి మామ్మగారూ అన్నాడు. తినేవి పైకి తీసుకెళ్లకూడదు, సంచీ ఇక్కడ పెట్టండి అన్నాడు. ఇది నేను కట్టిన అని మేనత్త చెప్పింది. అందరూ అలాగే అంటారని అతను నవ్వాడు.

"మూడో మలుపు దాటినంక ఒక మెట్టు పొట్టిగుంటది. ఆ దినం సెంట్రింగు చెక్క జారింది, మాలు కిందికి దిగింది. ఎవలు చూస్తర్లే అన్నడు మేస్త్రీ. నువ్వు ఎక్కలేదా దాన్ని?"

అతని నవ్వు ఆగిపోయింది. చేరిన కొత్తలో ఆ మెట్టు మీదే తూలి పడ్డాడట. ఇప్పటికీ అక్కడికొస్తే కాలు తడబడుతుందట. గొంతు తగ్గించి, సంచీ కొంగు కింద పెట్టుకుని వెళ్లండి, నేను చూడనట్టు ఉంటాను అన్నాడు.

"దాసుకొని పోను" అంది మేనత్త. సంచీలోంచి రొట్టెల మూట తీసి, అందరికీ కనబడేటట్టు చేతిలో పట్టుకుంది. ఇంత దూరం వచ్చి మొండితనంతో చెడగొడుతోందేమో అనుకున్నాను. అతను వెనక ఉన్న జనాన్ని చూశాడు, ఆమె చేతిలోని మూటను చూశాడు, గేటు తీశాడు.

మలుపు మలుపుకూ కూర్చుంటూ ఎక్కింది. పొట్టి మెట్టు దగ్గర నా కాలు తడబడింది, ఆమెది తడబడలేదు. పైన చుట్టూ ఇరుకైన వరండా, ఊపిరాడనంత గాలి. జనం సముద్రం వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటున్నారు. మేనత్త సముద్రానికి వీపు పెట్టి, పట్నం వైపు ముఖం చేసి, దారికి అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మూట విప్పి మొదటి ముక్క పక్కన పెట్టింది. అది మామదని నేను అడగకుండానే తెలిసింది. రెండో ముక్క నోట్లో పెట్టుకుంది. అప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు చూశాను. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి.

వెనక వచ్చినవాళ్లు ఆగిపోయారు. నల్లద్దాలు పెట్టుకున్న ఒకాయన, అమ్మా కొంచెం పక్కకు జరుగుతారా, అందరం ఎదురుచూస్తున్నాం అన్నాడు. మేనత్త తలెత్తి చూసింది.

"తిన్నంక లేస్త" అంది.

ఉన్నవి నాలుగు పళ్లు. రొట్టె గట్టిది. ఒక్కో ముక్క తుంచి, నెమ్మదిగా నములుతూ తింది. మెట్ల మీద వరస కిందికి పెరుగుతూ పోయింది. ఆమె తినడం అయ్యేదాకా ఆ మినార్ మీద ఎవ్వరూ ముందుకు కదల్లేదు.