కండువా మీద రిసీవర్

మొన్న మా మనవరాలి కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఎవరో అమ్మాయి హోల్డ్‌లో ఉండమని చెప్పి మాయమైంది. ఫోన్లో మోగే వాయిద్యం వింటూ వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కూర్చోబుద్ధి కాలేదు, పెట్టేయబుద్ధీ కాలేదు. కుదురనేది నా జాతకంలోనే లేదని మా అమ్మ ఊరికే అనలేదు.

డిగ్రీ అయ్యాక నేను మొదట చేరింది నూజివీడులో ఒక మామిడి కమీషన్ కొట్టులో, ఉత్తరాలు రాయడానికి, ఫోన్ చూసుకోవడానికి. ఆ వేసవే షావుకారు గారు పాత నల్ల ఫోన్ తీసేసి బటన్ల ఫోన్ పెట్టించారు. బిగించడానికి వచ్చినాయన నాకు అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఎక్స్‌టెన్షన్ అంటే లోపలి గదిలో ఉన్న రెండో ఫోను, ట్రాన్స్‌ఫర్ అంటే వచ్చిన కాల్‌ని అక్కడికి పంపడం, రీడయల్ అంటే ఇందాకటి నంబరే మళ్లీ కలపడం, హోల్డ్ అంటే లైను తెగకుండా అవతలి మనిషిని ఆపి ఉంచడం, అప్పుడు మన మాటలు ఆయనకు వినపడవు. అన్నీ నచ్చాయి గానీ షావుకారు గారికి ఆ హోల్డ్ మాత్రం గిట్టలేదు. పిలిచిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి తలుపు వేసుకోవడమేనన్నారు. మా కొట్టు మర్యాద వేరు: ఒక్క నిమిషం లైన్లో ఉండమని చెప్పి, రిసీవర్‌ని మడతపెట్టిన కండువా మీద వెల్లకిలా పడుకోబెట్టి, రైతులతో బేరం తేల్చుకోవడమే. గోడలకు చెవులుంటాయంటారు, మా కొట్టులో చెవి బల్ల మీదే ఉండేది. అవతల ఉన్నది మా కాయ కొనే నాగపూర్ సేటు, హిందీలో మాట్లాడే మనిషి కదా, మన తెలుగు ఆయనకేం అర్థమవుతుందని అందరి ధీమా.

మా నాన్న చాట్రాయి దగ్గర తోట గుత్తకు తీసుకున్న ఏడు కూడా అదే. గాలివాన వస్తుందన్న భయంతో కాయంతా ఒక్కసారే కోయించేశాడు. లారీ కొట్టు ముందు ఎండలో ఉంది, ఆ పూట బేరం కుదరకపోతే కాయా పోతుంది, మా ఇల్లూ మునుగుతుంది. అప్పుడే సేటు ఫోన్ వచ్చింది. షావుకారు గారు అలవాటుగా రిసీవర్ పడుకోబెట్టి, కాఫీ ఒక గుక్క తాగి, ఇది కాఫీయా పానకమా అని విసుక్కుని, సరుకు చూడటానికి నాన్నతో లారీ దగ్గరికి వెళ్లారు. ఇంకాసేపు ఆగమని చెబుదామని నేను అందుకుంటే, మీ షావుకారుని ఈ వయసులో పానకాలు మానెయ్యమనమ్మా అని సేటు హిందీలో పకపకా నవ్వాడు.

అంటే బల్ల మీది రిసీవర్‌లోంచి మన తెలుగంతా ఆయనకు వినపడుతోంది, అర్థమూ అవుతోంది. ఆయన ధర ప్రతిసారీ మా రైతు దిగిన మెట్టు దగ్గరికే ఎందుకు దిగేదో అప్పుడు తెలిసింది. ఇంతలో నాన్న లోపలికి వస్తూనే, "ఎంతకైనా..." అని మొదలుపెట్టాడు. నేను హోల్డ్ నొక్కేశాను.

"ఏంటమ్మా ఈ పని? పెద్దమనిషి కదా ఆయన!" అని నాన్న వెనకే వచ్చిన షావుకారు గారు కసిరారు. నేను చెప్పింది విన్నాక ఆయన బల్ల మీది కండువా తీసి భుజాన వేసుకున్నారు. నాన్న మాత్రం హోల్డ్ నొక్కాక ఫోన్ మీద మిణుకుమిణుకుమంటున్న ఎర్రదీపం ఆరితే బేరం పోతుందేమోనని దాన్నే చూస్తూ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. బటన్ మళ్లీ నొక్కేసరికి సేటు ఇంకా ఉన్నాడు. సరుకు వేరేవాళ్లకు ఇచ్చేశారా అని కంగారుగా అడిగి, మేం చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు. నాన్న లారీ చాటుకు వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటేడు సేటు స్వయంగా వచ్చాడు. కుర్రతనంలో మైలవరం తోటల్లో తిరుగుతూ నేర్చుకున్న తెలుగట, మనకంటే శుభ్రంగా మాట్లాడాడు. "ఆ బటన్ అమ్మాయివి నువ్వేనా? పెట్టెలకి మేకులు కొట్టే చప్పుడు, మీవాళ్ల తగువులు వింటేనేనమ్మా నాకు మామిడికాలం వచ్చినట్టుండేది. ఇప్పుడేమీ వినపడట్లేదు" అన్నాడు. ధర దక్కని ఉక్రోషమో, నిజంగా ఆ గోల మీద బెంగో, నాకు ఇప్పటికీ తేలలేదు. కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఇప్పుడు ధరలు సెల్లులోకి మెసేజీలుగా వస్తున్నాయి. రైతు కష్టం కొనేవాడి చెవిన పడదు, అది మేలే, కాదనను. కానీ ఈ వేసవిలో మా ఇంట్లో పిల్లలు రసాల టెంకల కోసం గోలగోలగా కొట్లాడుకుంటుండగా ఎన్నో ఫోన్లు వచ్చాయి. ఏంటండీ ఆ అల్లరి, కాయ వచ్చిందా అని ఒక్కరూ అడగలేదు.