తొడుగు లోపలి మాట

మా అన్న పోయిన నాలుగు నెలలకు ఆయన బండిని ముట్టుకున్నాను. అప్పటిదాకా ముట్టుకునే అధికారం నాకు లేదు. కామారెడ్డిలో నాది ఫైబర్ పని. పగిలిన బంపర్లు, స్కూలు బస్సుల డోర్లు, నీళ్ల ట్యాంకుల మూతలు చేస్తాను. ఎల్లారెడ్డిలో తన షెడ్డులో కడుతున్న కారు దగ్గరికి మాత్రం అన్న నన్ను రానిచ్చేవాడు కాదు. "నీకు పనితనం ఉన్నది గని ఓపిక లేదురా. తిరగేసి సూడకముందే కోస్తవ్," అనేవాడు. ఆ మాట మీదే ఒకసారి గట్టిగా కొట్లాడుకున్నాం. ఏడాదిపాటు ఆ ఇంటి మొహం చూడలేదు. ఆయన గుండె ఆగి పోయిన రోజే మళ్లీ ఆ గడప తొక్కాను.

కారంటే షోరూంలో దొరికేది కాదు. పాత చిన్న కారు చాసిస్ మీద, లారీలో ముక్కలుగా వచ్చిన ఫైబర్ బాడీని ఒక్కొక్కటే బిగించుకునే రకం. అన్న పగలంతా ఊళ్లోవాళ్ల ట్రాక్టర్లు బాగుచేసి, మిగిలిన కాస్త పొద్దూ దీనికే పెట్టేవాడు. అన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప. స్టీరింగ్ రాడ్డునూ దాని వైర్లనూ కప్పడానికి కిందొకటి, పైనొకటి రెండు ముక్కల తొడుగు ఉంటుంది. కింది ముక్క బిగించి ఉంది. పైముక్క ఆయన తన చేత్తో ఫైబర్ పోసి చేసింది, సీటు మీద బోర్లా పెట్టి ఉంది.

వదిన గడపలో కూర్చుని బీడీలు చేస్తూ తన మాట తేల్చి చెప్పింది. "పూర్తి చేస్తే నడుపుకో. లేకుంటే తూకానికేస్త. పొద్దుగాల లేస్తే గీ సగం బండిని సూడలేకపోతున్న."

"ఒక్క ఆదివారం ఇయ్యి వదినా," అన్నాను.

ఆ ఆదివారం మొదటి బస్సుకు వెళ్లాను. పైముక్కను రాడ్డు మీద పెట్టి చూస్తే డాష్‌బోర్డు వైపు అంచు వేలెడు ఎక్కువ వచ్చి అడ్డుపడుతోంది. అన్న కొలత తప్పాడని లోలోపల సంతోషమేసింది. చచ్చిపోయిన మనిషి మీద గెలిచినట్టు సంతోషపడ్డాను, దాచడం దేనికి. పైనుంచే గీత గీసుకుని గ్రైండర్‌తో ఆ అంచు కోసేశాను. తెల్లటి దుమ్ము లేచింది, కోసిన పట్టీ ఎక్కడో బండి కింద పడింది.

అంచు నునుపు చేద్దామని అప్పుడు తిరగేశాను. లోపల పెన్సిల్ రాత ఉంది. ఫైబర్ మ్యాట్ మీద రాసి పైన రెజిన్ జిగురు పూశాడు కాబట్టి అద్దం కింద ఉన్నట్టు కనబడుతోంది. అన్న చేతిరాతే. 'కొయ్య' అని ఉంది.

అక్కడ చెక్క ముక్క పెట్టమంటున్నాడని అనుకున్నాను. మా పనిలో అది మామూలే, స్క్రూ గట్టిగా పట్టాలంటే ఫైబర్ లోపల చిన్న చెక్క అతికిస్తాం. జన్మలో మొదటిసారి తిట్టకుండా నాకు పని చెప్పాడనుకుని ఏడుపొచ్చింది. షెడ్డులోనే టేకు ముక్క వెతికి, చెక్కి, ఆ రాత పక్కన అతికించాను. ఆరాక తొడుగు బిగిస్తే చక్కగా కూర్చుంది. బ్యాటరీ తగిలించి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు పదిసార్లు తిప్పి చూసి, చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లాను.

వెనక షెడ్డులో హారన్ మోగింది. చిన్నగా రెండుసార్లు మోగి ఆగింది. బండిలో ఎవరూ లేరు.

అన్న ఇంటికొచ్చేటప్పుడు సందు మలుపులో స్కూటర్ హారన్ అలాగే రెండుసార్లు కొట్టేవాడు. ఆ హారన్‌నే విప్పి ఈ బండికి పెట్టుకున్నాడని నాకప్పటికి తెలియదు. తడి చేతులతో అక్కడే నిలబడిపోయాను.

వదిన బయటికొచ్చింది. బీడీ ఆకుల చాట పక్కన పెట్టి వచ్చింది, చేతిలో నీళ్ల చెంబు ఉంది. అన్న ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోవడానికి ఇచ్చే చెంబు. షెడ్డు దాకా నడిచి, ఖాళీ సీటును చూసి, నన్ను చూసి ఆగింది.

"నువ్వు కొట్టినవా?"

"లేదు వదినా."

ఆమె లోపలికి పోలేదు. నాకు భయమేసింది. దయ్యం భయం కాదు. ఏదో తప్పు చేశానని తెలిసి, అదేమిటో తెలియని భయం.

తొడుగు విప్పాను. నేను పెట్టిన టేకు ముక్క హారన్ వైరును కోసిన అంచు మీదికి నెట్టింది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ పదునుకు రాసుకుని వైరు మీది ప్లాస్టిక్ చిరిగిపోయి, వదిలేశాక సర్దుకుంటూ రాగి తీగ రెండుసార్లు రాడ్డు ఇనుముకు తగిలింది. అంతే సంగతి. ఆ వేలెడు అంచు ఎక్కువ వచ్చింది కాదు. వైరు ఇనుముకు ఆనకుండా ఆయన కావాలని వదిలింది. రాడ్డు బ్రాకెట్ దగ్గర రెండు వాషర్లు వేసి కాస్త దించితే, అంచు డాష్‌బోర్డు కిందికి చక్కగా దూరేది.

బండి కిందికి పాకి దుమ్ములో ఆ పట్టీని వెతికాను. దాని లోపలి వైపు ఒకే ఒక్క అక్షరం ఉంది. 'కు'.

రెండూ పక్కపక్కన పెట్టాను. కొయ్యకు.

కోయొద్దన్న మాటనే కోసేశాను. ఆయన తనకోసం రాసుకునే మనిషి కాదు, అన్నీ బుర్రలోనే ఉంచుకునేవాడు. ఆ తొడుగు చివరికి నా చేతికే వస్తుందని ఎప్పుడనుకున్నాడో, ఏ రోజు పెన్సిల్ తీశాడో, కొట్లాట తర్వాత నన్ను ఎన్నిసార్లు తలచుకున్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ ఏ ముక్క కోయబోయినా చెయ్యి ఆగిపోతుంది.

టేకు ముక్క ఊడగొట్టి, పట్టీని రెజిన్‌తో తిరిగి అతికించాను. వాషర్లు వేసి, వైరు మార్చి, సాయంత్రానికి తొడుగు బిగించాను. వదిన షెడ్డు గుంజకు ఆనుకుని అంతసేపూ అక్కడే ఉంది. చెంబు కింద పెట్టలేదు.

"అయిందా?" అంది.

"అయింది వదినా. ఇగ దానంతట అది మోగదు. నొక్కితేనే మోగుతది."

"నొక్కితేనేనా?"

"నొక్కితేనే."

ఆమె కాసేపు స్టీరింగ్ వైపు చూసింది. "గట్లయితే ఎందుకు బాగు చేసినవ్ తమ్మీ," అని, నిండు చెంబు పట్టుకుని లోపలికి పోయింది.